ఎడమ మలుపుల్లో పోయిన సెకన్లు

కారుని చూసి గ్రూపు కట్టకూడదు, గడియారాన్ని చూసి కట్టాలి అన్నది ఫూ స్వీ కియత్ సిద్ధాంతం. ముప్ఫై ఏళ్ళుగా మలేసియాలోని ఇపోలో పాత జపాన్ కార్ల విడిభాగాలు అమ్ముతున్న మనిషికి కార్ల మీద భ్రమలుండవు. అరవైల నాటి పందెం కార్లకి ఒకదానికొకటి పొంతన ఉండదు. మినీ కారు మలుపుల్లో చీమలా దూరిపోతుంది, తిన్నటి దారిలో ఆయాసపడుతుంది. మస్టాంగ్ తిన్నటి దారి ఉన్నంతసేపూ రాజు, మలుపు రాగానే బురదలో గేదె. కంప్యూటర్ తెర మీద ఆడే పందెంలో వాటన్నిటినీ ఒకే వరసలో నిలబెడితే మూడో లాప్‌కే పందెం అయిపోతుంది, మిగిలినవాళ్ళు కంప్యూటర్లు ఆపేసి వెళ్ళిపోతారు.

కియత్ నడిపే పోటీలో నాలుగేళ్ళుగా ఎవరూ ఆపేసి వెళ్ళలేదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఇపో, తైపింగ్, పెనాంగ్‌ల నుంచి ఇరవై రెండుమంది ఎవరిళ్ళలో వాళ్ళు స్టీరింగులు పట్టుకుని తెరల ముందు కూర్చుంటారు. సోమవారం కియత్ అందరి టైములూ ముందేసుకుంటాడు. గెలిచినవాడి కారుకి బరువు పెడతాడు. వెనకబడినవాడి కారుకి తీస్తాడు. పది కిలోలంటే లాప్‌కి మూడో వంతు సెకను అటో ఇటో. అలా పెట్టీ తీసీ, గ్రూపులో ఉన్న అందరినీ ఒక్క సెకను లోపలికి తెస్తాడు. ఆఖరి మలుపు దాకా ఎవరైనా గెలవచ్చు.

మిగతాచోట్ల ఈ పని వేరుగా చేస్తారు. అన్ని కార్లనీ ఒకే మనిషి చేత తోలించి, ఏ కారుకి ఎంత బరువో ఒక్కసారే తేలుస్తారు. కియత్ దాన్ని నవ్వి కొట్టిపారేసేవాడు. కారు ఒక్కటే పరుగెత్తదు, మనిషితో కలిసి పరుగెత్తుతుంది, అందుకే రెండింటినీ ఒకే తక్కెట్లో వెయ్యాలి అనేవాడు. తన తూకంలో తప్పు పట్టినవాళ్ళు ఇంతవరకూ లేరని అతనికి గర్వం.

ఆ శనివారం పొద్దున కొట్లో ఉండగా తవమణి ఫోన్ చేసింది. బ్యాంకులో పని చేస్తుంది, పందెంలో ఆల్ఫా కారు తోలుతుంది, నోరు ఆల్ఫా కంటే వేగం.

“అంకుల్, మీ దిన్ అన్న నాటకాలాడుతున్నాడు.”

“మా దిన్ ఏంటమ్మా? అందరి దిన్.”

“ఆయన కార్టినా కారుకి మొత్తం తొంభై కిలోలు తీసేశారు మీరు. తొంభై! అది బరువా, మా అమ్మమ్మ బీరువానా? కావాలని నిదానంగా తోలుతున్నాడు అంకుల్, మీ చేత తీయించుకుంటున్నాడు. రేపు ఆఖరి పందెం. రేపు చూడండి, అసలు కాలు నొక్కుతాడు.”

“దిన్ అలాంటివాడు కాదు.”

“సరుకు చూడాలి గానీ మనిషిని చూసి కొనకూడదని మీరే కదా ఎప్పుడూ అంటారు? సరుకు చూడండి మరి. పైగా పోయిన వారం నన్ను గుద్దేశాడు. పూర్తిగా పక్కనే ఉన్నాను. అసలు నేనక్కడ లేనట్టే మీదికొచ్చేశాడు.”

“ఏ పక్కన ఉన్నావు?”

“ఎడమ పక్కన. ఏం?”

“ఊరికే అడిగాను.”

ఫోన్ పెట్టేసి కియత్ కంప్యూటర్ తెరిచాడు. పందేలన్నిటి రికార్డింగులూ అతని దగ్గర ఉంటాయి. జహారుద్దీన్, అంటే దిన్, అతనికి ఇరవై ఏళ్ళ స్నేహితుడు. అయినా కల్తీ వెతికేటప్పుడు స్నేహం బయట పెట్టాలి. జనవరి రికార్డింగు పక్కన పోయిన వారందాన్ని పెట్టి మలుపు మలుపూ కొలిచాడు.

దొంగగా నిదానించేవాడు తిన్నటి దారిలో నిదానిస్తాడు, అక్కడైతే సులువు, ఎవరూ పట్టుకోలేరు. దిన్ తిన్నటి దారిలో ఎక్కడా తగ్గలేదు. కుడి మలుపుల్లోనూ తగ్గలేదు. ఆ ట్రాకులో ఎడమ మలుపులు అయిదు. ఆ అయిదింట్లోనూ ఒక్కోచోట అర సెకనుకి పైన పోతోంది. ముందే బ్రేకు వేస్తున్నాడు, లోపలి అంచుకి బారెడు దూరంగా పోతున్నాడు. వారం వారం ఆ దూరం పెరుగుతోంది. మార్చిలో మొదలై, పధ్నాలుగు వారాలుగా.

కియత్ గుద్దులు లెక్కపెట్టాడు. ఈ పధ్నాలుగు వారాల్లో దిన్ గుద్దిన కార్లు తొమ్మిది. తొమ్మిదీ ఎడమ పక్కనున్నవే.

అతనికి మొదట వచ్చిన అనుమానం సరుకు మీద. దిన్ స్టీరింగు తను అమ్మిందే. ఎడమకి తిప్పినప్పుడు లోపలి పళ్ళు అరిగి జారుతుండొచ్చు. ఆ ఆలోచనతో ప్రాణం కొంచెం తేలికపడింది. సరుకు చెడితే మార్చి ఇవ్వొచ్చు. కొట్టు మూయించి, కొత్త స్టీరింగు వ్యాన్‌లో పెట్టుకుని దిన్ ఉండే గునుంగ్ రాపట్‌కి బయల్దేరాడు. తొమ్మిది కార్లూ ఎడమ పక్కనే ఎందుకున్నాయన్న ప్రశ్న మాత్రం దారి పొడుగునా అతని పక్కనే కూర్చుంది.

దిన్ ఇంటి ముందు, ఎడమ పక్క కంచెకి దాదాపు ఆనేలా టూరిస్టు బస్సు నిలబెట్టి ఉంది. దిన్ పందొమ్మిదేళ్ళుగా కామెరాన్ కొండల మీదికి బస్సు తోలుతున్నాడు. వారానికి నాలుగు ట్రిప్పులు.

“రా తౌకే, రా!” దిన్ గుమ్మంలోకి వచ్చాడు. వ్యాపారం చేసేవాణ్ణి ఆ ఊళ్ళో అలాగే పిలుస్తారు. “శనివారం కొట్టు మూసి వచ్చావంటే సూర్యుడు పడమట లేచినట్టే. ఏంటి, ఇంకో పది కిలోలు తీస్తావా?”

“స్టీరింగు మార్చి చూద్దామని వచ్చాను. నీది అరిగినట్టుంది.”

“అమ్మినవాడే అరిగిందంటున్నాడు! కాల్సమ్, విన్నావా? క్యాలెండర్ మీద రాసిపెట్టు.”

దిన్ భార్య కాల్సమ్ నవ్వుతూ కాఫీ తెచ్చి భర్త ముందు, కూర కూరి వేయించిన కరిపాప్‌ల పళ్ళెం అతని మోచేతి పక్కన పెట్టింది. కియత్ కొత్త స్టీరింగు బిగించాడు. దిన్ మూడు తెరల ముందు కూర్చుని రెండు లాప్‌లు తోలాడు. కియత్ చేతిలో గడియారం. ఎడమ మలుపుల్లో ఎప్పుడూ పోయేంత సమయమే పోయింది.

“స్టీరింగుదేం లేదు తౌకే. కొత్తదైనా పాతదైనా నాకొకటే. కాల్సమ్, ఉట్టి కాఫీయేనా, తినడానికేం లేదా?”

పళ్ళెం అతని ఎడమ మోచేతికి జానెడు దూరంలో ఉంది. కాల్సమ్ వచ్చి, దాన్ని తీసి కుడివైపు పెట్టింది. రోజూ చేసే పనిలా పెట్టింది.

“ఈ మధ్య ఇంతే తౌకే” అంది కియత్‌తో. “కళ్ళెదురుగా ఉన్నది కనబడదు. నన్ను కూడా చూడడం మానేశాడు.”

“ముప్ఫై ఏళ్ళు చూశాను చాలదా?” అన్నాడు దిన్, కరిపాప్ కొరుకుతూ.

కియత్ నవ్వలేదు. వైరు సరిచేస్తానని బల్ల వెనక్కి వంగాడు. అక్కడ మూడు తెరల తీగలూ ఉన్నాయి. ఎడమ తెరది చేతికి దొరికింది. ఒక్క క్షణం పట్టుకుని ఉండిపోయాడు. లాగేస్తే తెలిసిపోతుంది, తెలిసిన తర్వాత తెలియనట్టు ఉండడం కుదరదు. లాగేశాడు.

ఎడమ తెర నల్లగా అయిపోయింది.

“ఇంకో మూడు లాప్‌లు తోలు” అన్నాడు.

దిన్ తోలాడు. పాట కూనిరాగం తీస్తూ తోలాడు. కుడి మలుపులు గీత గీసినట్టు. ఎడమ మలుపు వచ్చినప్పుడు మాత్రం ముందే బ్రేకు, ఎప్పటిలాగే. మొదటి లాప్ ఒక నిమిషం ముప్ఫై తొమ్మిది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. తెర ఉన్నప్పుడెంతో లేనప్పుడూ అంతే. కియత్ గడియారం ఆపి జేబులో వేసుకున్నాడు.

“చూశావా, నిలకడ!” అన్నాడు దిన్. “తవమణికి చెప్పు.”

“దిన్, నీకు తెరలెన్ని?”

“మూడు. ఒకదాని మూల గీత ఉందని చెప్పకుండా అంటగట్టావు కదా.”

“ఇప్పుడెన్ని వెలుగుతున్నాయి?”

“ఏం ప్రశ్న ఇది?” అంటూ దిన్ తల ఎడమకి తిప్పాడు. కొంచెం తిప్పాడు. ఇంకా తిప్పాడు. మెడ పూర్తిగా తిరిగాక ఆగిపోయాడు.

“ఎప్పుడారింది?”

“మూడు లాప్‌ల కిందట. నేనే తీశాను.”

కాల్సమ్ వంటింటి గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. దిన్ స్టీరింగు మీంచి చేతులు తియ్యలేదు. కియత్ తనకి తెలిసిన పద్ధతిలోనే చెప్పాడు, అంకెల్లో. అయిదు ఎడమ మలుపులు, తొమ్మిది గుద్దులు, పధ్నాలుగు వారాలు.

“అయితే ఇన్నాళ్ళూ నా టైము ఎందుకు పడిపోలేదు?” దిన్ గొంతు పెరిగింది. “ప్రతి ఆదివారం చూస్తున్నాను కదా, ముప్ఫై తొమ్మిదే!”

“నువ్వు తగ్గినప్పుడల్లా నేను బరువు తీశాను.”

“అదీ!” దిన్ లేచి నిలబడ్డాడు. “నువ్వు బరువు తీస్తుంటే మిగతావాళ్ళు పుంజుకున్నారేమో అనుకున్నాను, నా టైము నిలబడిందని మురిసిపోయాను తౌకే. యాభై మూడేళ్ళొచ్చినా చెయ్యి తగ్గలేదని కాల్సమ్‌తో చెప్పుకున్నాను. కంపెనీలో కళ్ళ పరీక్షకి పొమ్మంటే, నాకెందుకు, వచ్చే నెల చూద్దాంలే అన్నాను. నీ అంకె చూసుకునే అన్నాను. తప్పుడు తూకం వేశావు నువ్వు!”

జీవితంలో మొదటిసారి కియత్ ఆ మాట పడ్డాడు, పడవలసిందే పడ్డాడు. మనిషినీ కారునీ కలిపి తూచినవాడికి తగ్గింది ఏదో ఎలా తెలుస్తుంది?

దిన్ గోడ గడియారం చూశాడు. ఒంటిగంట దాటింది. “రెండింటికి రైలు స్టేషన్ దగ్గర ముప్ఫై ఎనిమిదిమంది నిలబడి ఉంటారు. స్కూలు టీచర్లు. ఈ ఒక్క ట్రిప్పూ అవనీ. సోమవారం ఆస్పత్రికి పోతాను. అల్లా మీద ఒట్టు.”

“కొండ దిగేటప్పుడు ఆ దారిలో మోటారు సైకిళ్ళు ఏ పక్క నుంచి పోతాయి దిన్?”

ఆ దేశంలో అవి ఎడమ అంచునే పోతాయి. దిన్‌కి చెప్పనక్కర్లేదు.

“వద్దండీ” అంది కాల్సమ్ మెల్లగా. “నేను పళ్ళేలు ఆ పక్క నుంచి ఈ పక్కకి మారుస్తూనే ఉన్నాను. ఎందుకు మారుస్తున్నానో ఒక్కసారీ ఆలోచించలేదు.”

“మీరిద్దరూ కలిసి నన్ను గుడ్డివాణ్ణి చేస్తున్నారు!” దిన్ మేకుకున్న తాళాలు లాక్కున్నాడు. “బొమ్మ కార్లు గుద్దితే గుద్దాను. నా బస్సు మీద పందొమ్మిదేళ్ళలో ఒక్క గీత లేదు. రా తౌకే, నీ కళ్ళతో నువ్వే చూసుకో. సరుకు చూసి మాట్లాడు.”

అతను ముందు, కియత్ వెనక. బస్సు ముందు భాగం అద్దంలా ఉంది. కుడి పక్క చక్రం నుంచి చక్రం దాకా ఒక్క మచ్చ లేదు. వెనక వైపూ శుభ్రమే. “చూడు, చూడు” అంటూ దిన్ ఎడమ పక్కకి తిరిగాడు. అక్కడ కంచెకీ బస్సుకీ మధ్య ఒక మనిషి పక్కవాటుగా దూరేంత సందే ఉంది. దిన్ దూరి, బస్సు ఒంటిని చేత్తో తడుముకుంటూ ముందుకి నడిచాడు. చెయ్యి వెనక చక్రం దగ్గర ఆగింది.

కియత్‌కి అంతకుముందే, సందు మొదట్లోనే కనబడింది. చక్రం పైన, నడుమెత్తులో, మూరెడు పొడుగున రేకు లోపలికి నొక్కుకుపోయింది. తెల్ల రంగు మీద నీలం రంగు రాసుకుపోయి ఉంది. అంచు పట్టీ చీలికలో గోరంత నారింజ రంగు ప్లాస్టిక్ ముక్క ఇరుక్కుంది. ఇరవై రకాల దీపాలు అమ్మే మనిషికి అది ఏ బండి దీపమో, ఏ వైపుదో చెప్పడానికి రెండోసారి చూడనక్కర్లేదు. మోటారు సైకిలు కుడి ఇండికేటర్.

దిన్ దాన్ని వేలితో ముట్టుకున్నాడు. తీయలేదు.

“చప్పుడు రాలేదు” అన్నాడు. “నాకేం వినబడలేదు తౌకే. బస్సులో పాటలు పెడతారు. ఎప్పుడూ పెడతారు.”

ఆగి ఉన్న బండి అయ్యుండొచ్చు, ఎవరూ లేని బండి అయ్యుండొచ్చు అని ఓదార్పుకి అనొచ్చు. ఇవాళ ఇంకొకసారి బరువు తీసి ఇవ్వడానికి కియత్‌కి చెయ్యి రాలేదు.

సందులోంచి బయటికొచ్చి దిన్ ఫోన్ తీశాడు. “ఇంకో డ్రైవర్‌ని పంపండి” అన్నాడు కంపెనీ వాళ్ళతో. “కాదు, జ్వరం కాదు. ఇవాళే కాదు, ఇంక నేను తోలను. బస్సు మాత్రం ఇక్కడే ఉండాలి. ఎవరూ కడక్కూడదు.” అవతలి గొంతు అరుస్తుండగానే పెట్టేశాడు. తర్వాత బస్సు మెట్టు మీద కూర్చుని వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. వారానికి నాలుగు, పధ్నాలుగు వారాలు. సగంలో ఆగాడు.

“నీ రికార్డింగుల ప్రకారం ఎప్పటినుంచి బాగా ఎక్కువైంది?”

“మే రెండో వారం నుంచి.”

“అయితే మే నుంచి ఎవరైనా మోటారు సైకిలు మీంచి పడ్డారేమో అడుగుదాం. ఆ దారిలో పోలీసు స్టేషన్లు కొండ కింద ఉన్నాయి, పైనా ఉన్నాయి. ముందు ఎక్కడ అడగాలి తౌకే?”

కియత్ వ్యాన్ తలుపు తీసి పట్టుకున్నాడు.

“కింద నుంచి మొదలుపెడదాం” అన్నాడు. “ఎక్కు.”