ఎవరికీ నచ్చని తేనె రంగు

లేత్ మీద చెక్క గిన్నెలు తిప్పే గిర్రు మేస్త్రి కూతురికి కోపం ముక్కుమీద కాదు, ముక్కు చివర ఉంటుంది. తుమ్మినా రాలిపడుతుంది. తండ్రే ఆమెకి కందిరీగ అని పేరు పెట్టాడు. పాలు పోసేవాడూ, చెక్క దుంగలు తెచ్చే లారీ డ్రైవరూ, పక్కింటి పంతులమ్మా, ఆఖరికి షెడ్డులో తిరిగే లేత్ మిషనూ, ఆమె నోట పడనిది ఆ వీధిలో లేదు. ఒకసారి ఆమె వేసిన కేకకి ఏడాదిగా ఆగిపోయిన గోడగడియారం బెదిరిపోయి మళ్లీ నడిచిందని మేస్త్రి చెప్తాడు. సరైన టైము కూడా చూపించిందట. నమ్మనివాళ్లకి గడియారం చూపిస్తాడు. అది నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరూ ఏమీ అనలేరు.

అంతటి పిల్ల, ఊలుకొట్టావిడ దగ్గరకొచ్చేసరికి వెన్నముద్ద అయిపోయేది. అదే ఊలుకొట్టావిడ ప్రాణం మీదికొచ్చింది.

ఊలుకొట్టావిడ మేస్త్రికి రెండో భార్య. వీధి చివర చిన్న ఊలు దుకాణం ఆమెది. మొదటి భర్త పోయి చాలాకాలమైంది. అప్పటినుంచీ దుకాణం మీది గదిలో, అన్నయ్య నీడన ఉండేది. చెక్క గిన్నెలకి మెరుగుపెట్టడానికి పాత ఊలు పీలికలుంటే ఇమ్మని మేస్త్రి ఒకరోజు వచ్చాడు. మర్నాడూ వచ్చాడు. ఆ తర్వాత వానొచ్చినా ఎండొచ్చినా వచ్చాడు. ప్రపంచంలో ఉన్న గిన్నెలన్నీ తోమినా అంత ఊలు పట్టదని ఆమెకి అర్థమైనా పైకి అనలేదు. ఇద్దరికీ యాభై దాటాయి. పెళ్లి రిజిస్టరు ఆఫీసులో జరిగింది. సాక్షి సంతకం కందిరీగే పెట్టింది, పెన్ను సరిగా రాయట్లేదని గుమాస్తాని దులిపి మరీ.

అప్పటినుంచీ ఇంట్లో మర్యాదే మర్యాద. "మీరు కూర్చోండి, నేను తెస్తాను." "మీకెందుకండీ శ్రమ." "మీరు ముందు తినండి." వంటింట్లో తండ్రీ కూతుళ్లు ఉప్పు ఎక్కువైందనో తువ్వాలు ఎక్కడ పారేశావనో జుట్లు పట్టుకున్నంత పని చేసుకుంటుంటారు. ఈమె గుమ్మంలో కాలు పెడితే చాలు, రేడియో కట్టేసినట్టు ఇద్దరూ ఆగిపోతారు. కందిరీగ కుర్చీ తుడిచి వేస్తుంది. ఊలుకొట్టావిడ ఆ కుర్చీలో కూర్చుని, నన్ను కూడా ఒక్క తిట్టు తిడితే ఈ పిల్ల సొమ్మేం పోయింది అనుకునేది.

ఇంట్లో కొత్త గిన్నె పని మొదలైన వారమే అన్నయ్య దుకాణానికొచ్చి, "పైగది ఎవరో అద్దెకి అడుగుతున్నారమ్మా. ఇచ్చెయ్యనా, ఉంచనా?" అన్నాడు.

"గిన్నె పని అయ్యాక చెప్తాను, అన్నయ్యా" అంది.

"గిన్నెకీ గదికీ ఏమిటి సంబంధం?"

ఆమె మనసులో గట్టిగా అనేసుకుంది. ఆ గిన్నె తమ ముగ్గురూ కలిసి చేస్తున్న మొదటి పని. అది పూర్తయ్యాక కూడా తను చుట్టమే అయితే, చుట్టంలాగే సమయానికి లేచి వెళ్లిపోవాలి.

ఆ గిన్నె కథేమిటంటే, పెరట్లో ఉన్న పాత అక్రోటు చెట్టు గాలివానకి పడిపోయింది. దాని మొదట్లో పొట్టేలు తలకాయంత బుడిపె ఒకటి ఉండేది. చెక్కపని వాళ్లకి అలాంటి బుడిపె దొరికితే పండగే. లోపల చెక్క తిన్నగా పెరగదు, సుళ్లు తిరిగి, కళ్లు కళ్లుగా మెలికపడి ఉంటుంది. కోస్తే మేఘాలు కోసినట్టుంటుంది.

"ఆ బుడిపె ఎలా వచ్చిందనుకున్నావ్?" అన్నాడు మేస్త్రి రెండో భార్యతో. "నేనూ మా పెద్దావిడా పోట్లాడుకుంటే ఆ చెట్టు వినేది. పాపం, మాటలు బయటికి చెప్పలేదు కదా, కడుపులో దాచుకునేది. పోట్లాటకి ఒక అంగుళం చొప్పున ఉబ్బింది."

"అలా అయితే అది పొట్టేలు తలంత ఎందుకుంటుంది నాన్నా? ఏనుగంత ఉండాలి" అంది కందిరీగ. వెంటనే ఊలుకొట్టావిడ ఉందని గుర్తొచ్చి నాలిక కరుచుకుంది. "మీరేమీ అనుకోకండి."

"నేనేమీ అనుకోను" అంది ఊలుకొట్టావిడ. అదే ఆమె బాధ.

బుడిపె కోసి చూస్తే ఒక పక్క పెద్ద తొర్ర. దాన్ని అలాగే లేత్ మీద తిప్పితే ముక్కలై మొహాన తగులుతుంది. అందుకని తొర్రలో రంగు కలిపిన రెజిన్ పోసి, అది రాయిలా గట్టిపడ్డాక గిన్నెగా తిప్పాలి. ఏ రంగు పొయ్యాలన్నదే వచ్చిన చిక్కు. మేస్త్రి మూడు రంగుల్లో చిన్న బిళ్లలు పోసి ఆరబెట్టాడు. ఒకటి ఊదా, ఒకటి పచ్చ, ఒకటి తేనె రంగు. రంగుని బల్బు కింద చూడకూడదని ఊలుకొట్టావిడ అంటే, ముగ్గురూ వాటిని గుమ్మం దగ్గరికి తెచ్చి వెలుగుకి ఎత్తిపట్టారు.

ఊదా బిళ్ల చూడగానే ఊలుకొట్టావిడకి వంకెకి వేలాడుతున్న పాత కోటు గుర్తొచ్చింది. అది పోయిన పెద్దావిడది. ఊదా రంగే. "ఇది బావుంది" అంది.

కందిరీగ పచ్చ బిళ్ల తీసింది. "మీకు పచ్చంటే ఇష్టం కదండీ? ఎప్పుడు చూసినా పచ్చ ఊలే అల్లుతుంటారు."

ఆ పచ్చ ఊలు కథ వేరు. హోల్‌సేల్ వాడు ఒకసారి మోసం చేసి అంటగట్టిన సరుకది. రంగు చూసి గొర్రెలే సిగ్గుపడాలి. ఎవరూ కొనక, పారెయ్యబుద్ధి కాక, ఆమే అల్లుకుంటోంది. ఆ మాట చెప్తే పిల్ల చిన్నబుచ్చుకుంటుందేమోనని, "ఆఁ, ఇష్టమే" అంది.

"అయితే పచ్చే పోద్దాం. మీ ఇష్టం."

"అయ్యో, నాదేముంది? మీ ఇద్దరి ఇష్టం."

"కాదండీ, మీ ఇష్టమే."

మేస్త్రి ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూశాడు. "నా ఇష్టం ఎవరూ అడగట్లేదు. మంచిదే, నాకు లేదు" అన్నాడు. చివరికి తేనె రంగు ఖాయమైంది. ముగ్గురిలో ఎవరికీ నచ్చకపోవడం వల్ల అది అందరికీ సమ్మతమైంది.

మర్నాడు పొద్దున మేస్త్రి రెజిన్ కొలిచి, గట్టిపరిచే ద్రవం పోసి, తేనె రంగు పొడి వేసి కలిపాడు. నెమ్మదిగా గట్టిపడే రకం అది. బుడగలు పైకొచ్చి పగలాలని డబ్బా మీద మూత వదులుగా పెట్టి, అన్నం తిని, షెడ్డు బయట కుర్చీలో కళ్లు మూసుకున్నాడు.

ఊలుకొట్టావిడ గిన్నెలు కడుగుతూ ఆలోచించింది. అది ఆ పిల్ల తల్లి చెట్టు. తల్లి రంగు లేకుండా చేస్తే ఆ పిల్ల కడుపులో ఏముంటుంది? మర్యాదకొద్దీ నోరు మెదపట్లేదు గానీ. చేతులు తుడుచుకుని, పిల్లిలా షెడ్డులోకి వెళ్లి, ఊదా పొడి రెండు చెంచాలు వేసి, కలిపి, మూత పెట్టేసింది. బయటికొస్తుంటే వెనక మేస్త్రి గురక కాస్త ఎక్కువ శ్రద్ధగా వినపడినట్టనిపించింది గానీ, ఆగి చూసే ధైర్యం లేకపోయింది.

సాయంత్రానికి మేస్త్రి బుడిపె చుట్టూ పలకలతో అచ్చు బిగించి రెజిన్ తొర్రలో పోసేశాడు. "తేనె బాగా కుదిరిందా?" అని ఊలుకొట్టావిడ అడిగితే, "ఇలాంటి తేనె ఏ తేనెటీగా ఇంతవరకూ పెట్టలేదు" అన్నాడు.

అచ్చు విప్పిన రోజు ముగ్గురూ బల్ల చుట్టూ నిలబడ్డారు. మేస్త్రి పలక తీశాడు. తేనె లేదు, ఊదా లేదు. చెప్పులు కడిగిన నీళ్లు గడ్డకట్టినట్టుంది.

"ఇదేంటి నాన్నా?" కందిరీగ గొంతు లేచింది. "ఏం కలిపావ్ ఇందులో? కళ్లు ఎక్కడ పెట్టుకుని కలిపావ్?"

"నేను కలిపింది తేనే."

"నేనే కలిపాను" అంది ఊలుకొట్టావిడ. "ఊదా పొడి. మీ అమ్మగారి రంగని."

కందిరీగ నోరు తెరిచి మూసింది. తర్వాత తెరిచింది, ఇక మూయలేదు.

"ఊదా మా అమ్మ రంగని నీకెవరు చెప్పారు? ఆ కోటు నాన్న కొన్నాడు! మా అమ్మకి ఊదా అంటే ఒళ్లు మంట. ఆయన బాధపడతాడని ఇరవై శీతాకాలాలు వేసుకు చచ్చింది. ఒక్క మాట నన్నడిగితే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా? నేను చూడు, నీకోసమని అందులో పచ్చ కలిపాను..."

"నువ్వు కూడా కలిపావా?" ఊలుకొట్టావిడ గొంతు ఆమెకి తెలియకుండానే పెరిగింది. "పచ్చా? నాకు పచ్చ చూస్తే కడుపులో తిప్పుతుంది!"

"మరి ఇష్టమన్నావుగా!"

"అమ్ముడుపోని ఊలు, తల్లీ అది! పారేస్తే దండగ అని అల్లుతున్నాను! నువ్వంత ప్రేమగా అడిగితే ఏం చెప్పను?"

"నిజం చెప్పాలి! నోరుంది కదా పిన్నీ! పొట్టేలు తలంత బుడిపె, ఈ జన్మలో మళ్లీ దొరకదు, దాన్ని తీసుకెళ్లి మురిక్కాలవలో ముంచాం మనిద్దరం!"

మేస్త్రి బల్ల చివర నిలబడి ఉలికి పదును చూసుకుంటున్నాడు. వాళ్లిద్దరూ ఒక్కసారే ఆయన మీదికి తిరిగారు.

"మీకు తెలుసు" అంది ఊలుకొట్టావిడ. "మీరు నిద్రపోలేదు."

"ఒక కన్ను నిద్రపోయింది. రెండోది కాపలా ఉంది" అన్నాడు మేస్త్రి. "నువ్వు వెళ్లావు, తర్వాత ఇది వెళ్లింది. ఇద్దరూ దొంగల్లా వేళ్ల మీద నడుస్తూ ఎంత ముచ్చటగా ఉన్నారో! ఆపబుద్ధి కాలేదోయ్."

"ముచ్చటా?" అన్నారు ఇద్దరూ. ఆ తర్వాత కాసేపు మేస్త్రికి జరిగిన మర్యాద రాయదగ్గది కాదు. ఇద్దరూ ఒకే వైపు నిలబడి, ఒకరు ఆపిన చోట ఒకరు అందుకుని దులిపారు. పక్కింటి పంతులమ్మ గోడ మీంచి తొంగిచూసి, కందిరీగ పక్కన కొత్త గొంతు ఎవరిదా అని ఆశ్చర్యపోయింది.

ఆ మధ్యాహ్నమే ఊలుకొట్టావిడ అన్నయ్యకి ఫోన్ చేసింది. "గది ఇచ్చెయ్యి. వచ్చేవాళ్లు మంచివాళ్లేనా కనుక్కో. ఆ కిటికీ వానకి కారుతుందని కూడా చెప్పు."

"గిన్నె అయిపోయిందా?"

"తగలడింది, అన్నయ్యా. మళ్లీ మొదలుపెడుతున్నాం" అంది. అన్నయ్యకి ఆ సంబరం ఎందుకో అర్థం కాలేదు.

రెజిన్ ఇంకా పూర్తిగా బిగుసుకోలేదు, ఉలికి లొంగింది. మేస్త్రి రెండ్రోజులు కూర్చుని, చెక్కకి గాయం కాకుండా ఆ బురదంతా తొలిచి తీశాడు. కొత్త బిళ్లలు పోశాడు. మళ్లీ గుమ్మం దగ్గర చేరారు.

"నీకసలు ఏ రంగంటే ఇష్టం? ఈసారి అబద్ధం ఆడితే చూడు" అంది కందిరీగ.

"ఎరుపు" అంది ఊలుకొట్టావిడ.

"ఎరుపా! గిన్నె చేస్తున్నామా, మంటలార్పే బండి చేస్తున్నామా?"

"మరి నీకేం కావాలో?"

"నలుపు. అప్పుడు చెక్కలో సుళ్లు కళ్లకి కడతాయి."

"నలుపంట! కాళ్లు జారి పడే నుయ్యిలా ఉంటుంది. నీ వయసులో నలుపేమిటి?"

"నా వయసు సంగతి నీకెందుకు? మా అమ్మయితే ఏమనేదో తెలుసా? తెల్లగా వదిలెయ్యమనేది."

"తెలుపు మాసిపోతుంది. ఆవిడ ఉంటే ఆవిడతో కూడా అదే అనేదాన్ని."

కందిరీగ నడుం మీద చేతులు పెట్టుకుని ఆమెని ఎగాదిగా చూసింది. "ఆవిడ ఊరుకునేదనుకున్నావా? గరిటె పట్టుకుని వచ్చేది" అంటూనే నవ్వేసింది. ఊలుకొట్టావిడా నవ్వింది. నవ్వుతూనే ఎర్ర బిళ్ల తీసి చెక్క అంచున ఆనించి పెట్టింది. దాని పక్కనే కందిరీగ నల్ల బిళ్ల పెట్టింది. ఎండ వాటి మీద పడుతుంటే, ఒకరు దీన్ని కాస్త ఇటు జరిపితే ఒకరు దాన్ని అటు జరిపారు.

"కొలిచి పెట్టిన రెజిన్ ఎదురుచూస్తోంది" అన్నాడు మేస్త్రి లోపలినుంచి.

"ఉండు నాన్నా!" అంది కందిరీగ.

"ఉండండి!" అంది ఊలుకొట్టావిడ. "ఏదీ, ఎరుపులో చిటికెడు నలుపేసి చూడు. నిండుగా వద్దు, చిటికెడే. అంత కాదే పిల్లా, చిటికెడంటే చిటికెడు!"