ఎర్ర నూనె, నల్ల పంది

క్యాబేజీ లోడు దింపి వచ్చిన లారీ కింద పరిచిన అట్టముక్క మీద మళ్ళీ ఎర్రటి మరక కనబడేసరికి జోవిటాకు దిగులేసింది. నూనె పోయినందుకు కాదు, పాకలో ఉన్న పందిని తలుచుకుని.

"చూశావా, మళ్ళీ నెత్తురు! కోళ్ళతో సరిపెడితే చనిపోయిన మన పెద్దలు ఊరుకుంటారా?" అన్నాడు బాయాసన్ తాత వక్క నములుతూ. "ఆదివారం పందిని కోసేద్దాం."

"తాతా, అది నెత్తురు కాదు, నూనె. తయారుచేసేవాళ్ళే దానికి ఎర్ర రంగు కలుపుతారు."

"ఇన్ని రంగులుండగా ఎరుపే ఎందుకు కలిపారంటావు? వాళ్ళకీ తెలుసన్నమాట!"



జపాన్‌లో వాడి వదిలేసిన ఆ పాత లారీ లేకపోతే ఈ కొండవాలు క్యాబేజీ బురద దారి దాటి కిందికి పోదు. ఇంజను బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు నుంచే నూనె కారుతోంది. మొదటిసారి కారినప్పుడు జోవిటా నూనెను ఆపే రబ్బరు సీలు అరిగిందని పీకి కొత్తది వేసింది. అదే రోజు తాత పెద్దల పేరున కోడిని కోశాడు. అందరిలా బానెట్ మీద నాలుగు చుక్కలు పెట్టి ఊరుకోలేదు. "నొప్పి ఉన్నచోటే మందు వెయ్యాలి" అంటూ గేరుకర్ర చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు ఎత్తి, ఈకలతో సహా నెత్తురు, ఆపైన బియ్యపు కల్లు లోపలికి ధారపోశాడు. కారడం ఆగలేదు. ఇంకో సీలు, ఇంకో కోడి. ఇప్పుడు పంది.

చిలగడదుంప తీగలు ఉడికించి పెట్టి, చేతులారా పెంచిన ఆడపంది అది. వచ్చే ఏడు దాని పిల్లలతో పాక నిండుతుందని జోవిటా ఆశ.

పందిని కోస్తే మాంసం ఊరంతా పంచాలి. అందుకే పక్కింటి ఎస్తేర్ అక్క కంచె దగ్గర నిలబడి మరీ వాకబు చేసింది.

"బాగవ్వలేదటగా లారీ?"

"రేపటికల్లా బాగుచేసేస్తానక్కా."

"అయ్యో!" అని, వెంటనే సర్దుకుంది. "అంటే... మంచిదేలే. తొందరపడకు."

రాత్రి జోవిటా అట్ట మార్చి చూసింది. తెల్లారి అట్ట పొడిగా ఉంది. కొండెక్కి వేడెక్కితేనే కారుతోందన్నమాట. పైదాకా నడిపి వచ్చి, కిందకి దూరి, నూనె పోసే బిరడా మెల్లగా వదులు చేసింది. ఉస్స్‌మని గాలి ఆమె మొహాన కొట్టింది.

లోపల వేడిగాలి బిగిసి ఉంది. మరి గాలి పోవాల్సిన గొట్టం ఏమైంది? దాని పైకొస గేరుకర్ర పక్కనే, తొడుగు కిందే ఉంటుంది.

పైన రబ్బరు తొడుగు ఎత్తి చూసింది. చిటికెన వేలంత గొట్టం మూతి నిండా నల్లటి గట్టి ముద్ద. అందులోంచి ఒక ఈక తొంగిచూస్తోంది. తీగతో పొడిచి, డీజిలుతో కడిగి, మళ్ళీ కొండెక్కించి తెచ్చింది. అట్ట మీద చుక్క పడలేదు.

ఆ ముద్దను అరచేతిలో పెట్టుకుని తాత ముందు నిలబడింది.

"ఏంటిది?"

"నువ్విచ్చిన కోడి. గొట్టానికి అడ్డంపడింది. గాలి పోయే దారిలేక సీలుని తోసేసింది, నూనె బయటికొచ్చింది."

తాత నమలడం ఆపేశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. జోవిటాకు జాలేసింది.

"పెద్దలు పుచ్చుకోలేదేమో తాతా. తిప్పి పంపారు. కోడినే ముట్టనివాళ్ళు పందిని ముట్టుకుంటారా?"

ఆయన ఈకను అటూ ఇటూ తిప్పి చూశాడు. లేచి వెళ్ళి రబ్బరు తొడుగును తన చేత్తోనే గట్టిగా నొక్కి మూశాడు.

"ముట్టుకోరు," అన్నాడు గంభీరంగా. "వాళ్ళకి ఆకలి లేదు."

"మాకుంది కదా!" అంది కంచె అవతలి నుంచి ఎస్తేర్ అక్క.