వెంకటముని వాకిట్లో జనం

తెల్లారి వెంకటముని పెండ్లాం ప్రసూనాంబ కళ్లాపి చల్లి ముగ్గేసే పొద్దుకు వాకిట్లో ఇద్దరో ముగ్గురో నిలబడి ఉంటారు. నగరిలో ఆ మగ్గాల వీధికి అది మామూలే. యాడో ఒకచోట ఎవరైనా ఫోన్లో వెంకటముని ఇంటి వెబ్ పేజీ తెరిస్తే, తెరిచి ఉంచినంతసేపూ ఈ వాకిట్లో నిలబడతారు. మూసేస్తే ఆరిపోతారు. పిలిస్తే పలకరు, మనల్ని చూడరు. బొటనవేలితో గాలిని పైకి తోసుకుంటా ఉంటారు, అంతే. ప్రసూనాంబకు వాళ్లమీద ఉన్న కోపం ఒకటే, ముగ్గు తొక్కుతారని.

పేజీ కట్టింది ఆమె కూతురు లోకేశ్వరి. తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు ఆ పని నేర్చుకునింది. నూలు చీరలు కొనేవాళ్లు లేక, వెంకటముని, పౌర్ణమి పోయినాక మగ్గం పీకేసి సూళ్లూరుపేట పక్కన ఒక కంపెనీలో వాచ్‌మన్‌గా చేరతానని మాట ఇచ్చేసినాడు. "ఆలోపల పేజీ చూసి ఎవరన్నా కొంటే ఉండిపోతావా నాయనా?" అని కూతురు అడిగింది. "ఉండక! మగ్గం ఇడిసిపెట్టి పోవడం నాకేమన్నా సరదానా?" అన్నాడు.

ఇంతవరకూ బాగానే ఉండాది. చెడగొట్టింది వెంకటముని తమ్ముడు చిన్నబ్బ. పేజీ తెరవంగానే ముందు పెద్దోళ్లు కనబడాలని పట్టుబట్టినాడు. వీధి మలుపులో ఫ్లెక్సీ కడితే ఎట్లుంటుందో అచ్చం అట్లే. పైన దండేసిన తాత, కింద గుండ్రాల్లో పెదనాయనలు, మేనమామలు, చేనేత సంఘం ప్రెసిడెంటు, ఆఖర్న నల్లద్దాలు పెట్టుకొని దండం పెడతా చిన్నబ్బ. అక్షరాలు బంగారు రంగులో మిణుకుమనాల. తెరవంగానే నాదస్వరం మోగాల. వచ్చినోళ్ల ఫోన్ నంబరు అడిగే పెట్టె ఒకటి మధ్యలో లేవాల. "వద్దు చిన్నాయనా, అట్లా చేస్తే ఒక్కరూ నిలబడరు" అని లోకేశ్వరి నెత్తీనోరూ కొట్టుకునింది. వినే మనిషైతే గదా!

చీరలంటారా? ఉన్నాయి. అందరి కాళ్లకింద, అట్టడుగున.

ఇంక వచ్చినోళ్ల తిప్పలు చూడాల. ఆ ఫోటోలన్నీ ఒక్కొక్కటే తేలేదాకా బస్సు కోసం నిలబడినట్టు నిలబడేవాళ్లు. నాదస్వరం మోగితే ఉలిక్కిపడి, ఏ ఆఫీసులో కూర్చోనుండారో పాపం, అటూ ఇటూ దొంగచూపులు చూసి ఆరిపోయేవాళ్లు. మెరిసే అక్షరాలు చదవబోయి కొందరు నొసలు పట్టుకునేవాళ్లు. చిన్నబ్బ ఫోటో దాకా వచ్చినోళ్లే తక్కువ.

గుంటమగ్గంలో కూర్చుని వెంకటముని అంతా చూస్తానే ఉన్నాడు.

"నా చీర సూడకుండానే పోతాండారే పాపా!"

"చీర యాడుండాది నాయనా? మీరంతా అడ్డం నిలబడితే వాళ్లకేం కనబడతాది?"

నాదస్వరం ఆపేదానికి వెంకటముని ఒప్పుకున్నాడు. అక్షరాలు లావుగా, నల్లగా మార్చనిచ్చినాడు. ఫోటోల దగ్గరికి వచ్చేసరికి చిన్నబ్బ లేచినాడు. "మన ముఖాలు లేకుంటే అదేం ఇంటి పేజీ అన్నా? నాయన్నే దించేస్తారా?" తండ్రి మాట ఎత్తేసరికి వెంకటముని ఫోటోల జోలికి పోవద్దనేసినాడు.

ఒకామె మాత్రం విడవకుండా రోజూ వచ్చేది. యాభై ఏళ్లు దాటి ఉంటాయి, కళ్లద్దాలు పెట్టుకునేది. ఓపిగ్గా గాలిని తోసుకుంటా పెద్దోళ్లందర్నీ దాటుకుని పోయేది. పౌర్ణమి రేపనంగా మళ్లా వచ్చింది. చీరల దాకా చేరుకునింది. ముఖం విప్పారి ముందుకు వంగింది. సరిగ్గా అప్పుడే నంబరు పెట్టె అడ్డం లేచింది. దాన్ని ఎట్లా తీయాలో తెలీక యాడో నొక్కింది. మళ్లా మొదట్లో తాత ఫోటో దగ్గరికే వచ్చి పడింది. ఉసూరుమని అద్దాలు తీసింది.

వెంకటముని గుంటలోంచి ఒక్క ఉదుటున లేచి, చేతికందిన చీర పట్టుకుని వాకిట్లోకి ఉరికినాడు. "అమ్మా, ఇదిగోమ్మా! అంచు సూడమ్మా!" అని ఆమె ముందర విప్పి పట్టుకున్నాడు. ఆమెకు ఆయన కనబడితే గదా. చీర పట్టుకున్న చేతులు పట్టుకున్నట్టే ఉండంగా ఆమె ఆరిపోయింది.

వెంకటముని కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. "తీసెయ్ పాపా. అందర్నీ తీసెయ్."

"తాతను కూడానా నాయనా?"

"చీర కొనేవాళ్లు వస్తే మీ తాత తిన్నెమీద నుంచి లేచి వాళ్లను కూర్చోబెట్టేవాడు. ఆయన్ని వాకిలికి అడ్డం నిలబెట్టింది మనమే గదా."

"మరి నన్ను?" అన్నాడు చిన్నబ్బ.

"నిన్ను ముందు తీయాల!"

ఆ సాయంత్రమే లోకేశ్వరి పేజీని విప్పి కొత్తగా కట్టింది. ఒక చీర, దాని అంచు దగ్గర నుంచి కనబడేట్టు. కింద నేసిన మనిషి పేరు, ఫోన్ నంబరు, కొనాలంటే నొక్కేదానికి ఒకే ఒక చోటు. అంతే. కట్టినాక తనే మళ్లా మళ్లా చూసుకుని మురిసిపోయింది.

తెల్లారి వచ్చినోళ్లు వాకిట్లో ఆగలేదు. తిన్నె దాటి, గడప దాటి నేరుగా మగ్గం కాడికి వచ్చినారు. ప్రసూనాంబ ముగ్గు బతికిపోయింది. కళ్లద్దాలామె కూడా వచ్చి నేతమీదికి వంగింది. ఇంతలో ఫోన్ మోగింది. వెంకటముని ఎత్తితే, ఎదురుగా ఆమె పెదాలు కదిలినాయి, ఫోన్లో గొంతు వినబడింది.

"ఈ చీర నేసింది ఎవరండీ?"

"నేనేనమ్మా" అన్నాడు ఆమె ముఖంలోకే చూస్తా.

"మా బడిలో టీచర్లందరికీ ఇవే కావాలి. ఏటేటా నేసివ్వగలరా? ఇన్నాళ్లూ మీ పేజీలో దారి దొరక్క తిరిగానండీ. ఇప్పుడెవరో చక్కగా కట్టారే!"

"మా పాపమ్మా! మా లోకేశ్వరి!" అని వీధంతా వినబడేట్టు అరిచినాడు.

ఫోన్ పెట్టేసి కంపెనీకి చేసినాడు. "వాచ్‌మన్ పనికి ఇంకొకర్ని సూసుకోండి సార్. నేను రాను. ఈడ నాకు శానా పనుండాది." బయట చిన్నబ్బ అప్పుడే వచ్చేపోయే వాళ్లనందర్నీ ఆపి, పేజీ కట్టింది మా అన్న కూతురేనని చెప్పుకుంటాండాడు.

వెంకటముని మళ్లా గుంటలోకి దిగేసరికి మగ్గం చుట్టూ జనం, ఒకరి భుజం మీద నుంచి ఒకరు తొంగి చూస్తా. వాళ్లకు వినబడదని ఆయనకు తెలుసు. అయినా మీసం దువ్వుకుని, గొంతు పెంచి అన్నాడు.

"కొంచెం జరగండమ్మా, నాకు నూలు కనబళ్లేదు."