నాయన చెప్పే సింగం

మా నాయన అళగర్సామికి ఒకటే అవమానం. ఊరు తమిళనాడులోని రాజపాళయం, కుక్కా రాజపాళయం జాతిదే. ఒళ్ళంతా తెలుపు, ముక్కు గులాబి రంగు. గుణం మాత్రం కుదరలేదు. ఈ జాతి కుక్క యజమానిని తప్ప ఇంకొకర్ని గడప తొక్కనివ్వదని పేరు. మా సింగమేమో గ్యాస్ సిలిండర్ తెచ్చినవాడి భుజాల మీద కాళ్ళు వేసి ముఖం నాకుతుంది. పోస్టుమాన్ వెంట గేటుదాకా పోయి సాగనంపి వస్తుంది.

ఇది నలుగురికీ తెలిస్తే తలెత్తుకోలేనని, ఎవరొచ్చినా నాయన దాన్ని పెరట్లో కట్టేసేవాడు. కొత్త మనిషిని చూడాలని అది కుయ్యోమంటుంటే, "వింటిరా, ఎట్ల ఉరుముతుందో" అనేవాడు. అంతటితో ఊరుకుంటేనా? పోయిన నెల కేబుల్ మనిషి పిక్క పట్టుకుందని కూడా కోతలు కోశాడు. నేనూ అమ్మా నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయాం.

మంగళవారం పొద్దున మా వీధి మొదట్లో, పార్సిళ్ళు తెచ్చే కళైయరసన్‌ను ఓ తెల్ల కుక్క కరిచింది. ఆసుపత్రిలో సూది వేయించుకుని, కాలికి కట్టుతో వచ్చాడు. ఎదురింటి పాండురంగన్ మామ అతన్ని నేరుగా మా గేటుకే తీసుకొచ్చాడు. వెనక పదిమంది.

"ఏమి బావా, ఈ వీధిలో కరిచే కుక్క మీదొకటే గదా. మీరే చెప్తిరి. పిల్లకాయలు తిరిగే చోటు ఇది. మునిసిపాలిటీకి ఫోన్ చేసినాము. సాయంత్రం లోపల బండి వచ్చి ఎత్తుకోనిపోతుంది."

పొద్దున్నుంచీ సింగం పెరట్లోనే కట్టేసి ఉంది. కానీ ఇంట్లోవాళ్ళ మాట ఎవరు నమ్ముతారు?

నాయన పెరట్లోకి పోయి సింగాన్ని తెచ్చాడు. గేటు తీసి, గొలుసు విప్పబోయాడు. జనం వెనక్కి ఉరికారు.

"విప్పొద్దు బావా! కేబుల్ మనిషిని కరిచినది గదా!"

"కరవలేదప్పా. ఆ కథ నేనే కట్టినా." నాయన సింగం తల మీద చెయ్యి వేశాడు. "ఇది ఎవుర్నీ కరవదు. కొత్తవాళ్ళు వస్తే కాళ్ళకాడ పండుకుంటుంది. బయట చెప్పేదానికి నాకే వెక్కమయ్యి, సిగ్గుపడి, పాపం, దీన్ని కట్టేసి పెట్టినా."

గొలుసు విప్పేశాడు. సింగం సరాసరి కళైయరసన్ దగ్గరికి పోయింది. కుంటికాలితో పరుగెత్తలేక అతను కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అది అతని కట్టు వాసన చూసి, బాగున్న పాదం మీద గడ్డం ఆనించి, వెల్లకిలా దొర్లింది.

అతను మెల్లగా కళ్ళు తెరిచి, వంగి దాని చెవులు రెండూ పట్టి చూశాడు. "ఇదు ఇల్లెంగ సార్," ఇది కాదని అరవంలో అన్నాడు. తనను కరిచినదానికి ఒక చెవి సగం తెగి ఉందట. చెప్పడమైపోయినా చెయ్యి తియ్యలేదు, దాని తల నిమురుతూనే ఉన్నాడు.

పాండురంగన్ మామ అప్పటికప్పుడే ఫోన్ చేసి, పట్టాల్సింది చెవి తెగిన కుక్కనని చెప్పాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. నాయన గేటు ముందే చతికిలబడి, సింగాన్ని కావలించుకుని, అందరి ఎదుటా ఏడ్చేశాడు.

"నిజంగా రాజపాళయమేనా బావా ఇది?" మామ నవ్వుతూ అడిగాడు.

నాయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"రాజపాళయమే. దీనికి మనుషులంటే చానా ఇష్టం. రాండి, అంత దూరం ఎందుకు నిలబడినారు? దగ్గరికి వచ్చి తాకి చూడండి."