ట్యాంకుకీ ట్యాంకుకీ మధ్య

ఫోనులో తుపాకీ ఆటలు ఆడితే వేళ్ల నరాలు చచ్చుబడతాయని ఆ ఊళ్లో అందరూ నమ్ముతారు. రుజువు కావాలంటే త్రినాథ్ చేతులు చూడమంటారు.

మిరపతోటల మీద నల్ల తామరపురుగు పడిన ఆ ఏడాది త్రినాథ్‌కు ఊపిరి సలిపేది కాదు. తెల్లవారింది మొదలు వీపున పవర్ స్ప్రేయర్, రోజుకు మూడు చేలు. ట్యాంకు ఖాళీ అయ్యాక, తోటి కూలీ యలమంద డ్రమ్ములో పురుగుమందు కలిపి మళ్లీ నింపే నాలుగు నిమిషాలే అతనివి. ముఖానికి చుట్టుకున్న తువ్వాలు విప్పి, తడి చేతులు లుంగీకి తుడుచుకుని, గట్టు మీద కూర్చుని ఫోను తీసేవాడు. తెర పైనుంచి శత్రువిమానాలు బారులు తీరి దిగేవి. ఆ గుళ్ల వానలో తన చిన్న విమానాన్ని బొటనవేలితో తప్పిస్తూ, ఎదురు కాలుస్తూ, ఒక ఆట ముగించేసరికి ట్యాంకు నిండేది. ఆ కాసేపూ అతనికి మందు వాసన కూడా తెలిసేది కాదు.

దసరాకు ఆటలో ముప్పయ్యో మెట్టు దాటినవాడు కార్తీకంలో తొమ్మిదో మెట్టు దాటలేకపోయాడు. బొటనవేలు వణుకుతూ అతని మాట వినడం మానేసింది. మిట్టమధ్యాహ్నం తెర మసకబారితే వెలుతురు పూర్తిగా పెంచాడు. అయినా విమానాలు మునిమాపు చీకట్లోంచి వచ్చినట్టే వచ్చేవి. కనురెప్ప దానంతటదే అదిరేది. చొక్కా గుండీలు భార్య కోటేశ్వరి పెట్టవలసి వచ్చింది.

"ఒరేయ్, ఆ విమానాల సంగతేమోగానీ నీ వేళ్లు మాత్రం కూలిపోయాయిరా," అని యలమంద ఎగతాళి చేశాడు.

కోటేశ్వరికి నవ్వు రాలేదు. ఫోను లాక్కుని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. చేతులు బాగుపడేదాకా అడగవద్దంది. త్రినాథ్ అడగలేదు; అతనికీ భయం పట్టుకుంది. ఆట లేని ఆ నాలుగు నిమిషాలూ ఊరికే కూర్చోలేక, డ్రమ్ము దగ్గర నిలబడి యలమందకు సాయం పట్టాడు. వణుకు తగ్గకపోగా భుజాల దాకా పాకింది. పదకొండో రోజున, రెండో ట్యాంకు దింపుకోబోతూ, నోటివెంట చొంగ కారుతుండగా చాళ్ల మధ్య పడిపోయాడు.

యలమందే అతన్ని ఆటోలో వేసుకుని గుంటూరు ఆసుపత్రికి చేర్చాడు. మూడో నాడు త్రినాథ్ కళ్లు తెరిచేసరికి, మంచం పక్కన యలమంద డాక్టర్ షిరీన్‌కు ఆట సంగతంతా పూసగుచ్చినట్టు చెబుతున్నాడు. ఆమె ఓపిగ్గా విని, చేలో మందు కలిపేది ఎవరని అడిగింది.

"నేనేనండి. కర్రతో తిప్పితే అడుగున ఉండిపోద్దండి. మోచేతిదాకా ముంచి కలపాల."

"ఏదీ, మీ చేతులు చాపండి."

చాపాడు. త్రినాథ్ ఆ చేతుల వంకే చూస్తూ పడుకున్నాడు. అదే వణుకు, తనకు మొదట్లో వచ్చినంత.

"మీరూ ఆడతారా ఆ ఆట?"

యలమంద జేబులోని ఫోను తీసి చూపించాడు. అది బటన్ల ఫోను. ఆ ఆట అందులో రాదు.