నల్లబల్ల మీద నలభై

తడి స్పాంజితో నల్లబల్లను మూడోసారి తుడిచి, బెరిల్ హాల్సాల్ కాళ్ల కింది చెక్కపెట్టె దిగి, రెండడుగులు వెనక్కి జరిగి చూసింది. ఎడమ అంచున ఇంకా సుద్ద చార కనబడుతోంది. నాలుక చప్పరించి నాలుగోసారి తుడిచింది. డెబ్బై ఆరేళ్ల మనిషి, నిండా అయిదడుగులుండదు. బట్టల మీద తొడుక్కున్న నీలం పనిగౌను చేతులు మోచేతుల దాకా మడిచి, చెక్కపెట్టె మీద నిలబడి తుడుస్తుంటే ఎవరో పనిమనిషి అనుకుంటారు. నిజానికి పనిమనిషే. ఫెర్న్‌బీ అనే తీరపు ఊళ్లో కార్మికుల క్లబ్బు నేలను నలభై ఎనిమిదేళ్లుగా తుడుస్తున్నది ఆవిడే. కానీ ఏడాదికో వారం, ఫిబ్రవరిలో సముద్రపు గాలి కిటికీలను ఊపేసే రోజుల్లో, గుండ్రటి గురిబల్లకు చిన్న బాణాలు విసిరే సిల్వర్ టీపాట్ డార్ట్స్ పోటీకి సుద్దముక్క పట్టి స్కోరు రాసేదీ ఆవిడే.

ఆ పోటీ పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. పంతొమ్మిది వందల డెబ్బై రెండులో తుఫానుకు పడవలు కదలక, రొయ్యలు పట్టే ఎనిమిది మంది ఈ హాల్లో చేరి పందెం వేసుకున్నారు. గెలిచినవాడికి ఇవ్వడానికి కప్పు లేకపోతే రొట్టెల కొట్టు ముసలావిడ తన వెండి టీపాట్ ఇచ్చింది. దాని మూతికి సొట్ట. తరువాత ఆటే వృత్తిగా బతికే వాళ్లొచ్చారు. ఎనభైల్లో టీవీ కెమెరాలొచ్చాయి, వాటితోపాటు పొట్టల మీద బిగుసుకుపోయే మెరుపు చొక్కాలూ వచ్చాయి. తొంభైల్లో కెమెరాలు పోయాయి, చొక్కాలు మిగిలాయి. ఇప్పుడు మళ్లీ ఆటకు మంచిరోజులొచ్చి, వచ్చే ఏడాది నుంచి పోటీ మాంచెస్టర్‌కు తరలిపోతోంది. పది వేల మంది పట్టే హాలట. స్కోరు తెర మీద దానంతటదే పడుతుందట. ఈ గోడ దగ్గర ఇవాళే చివరి ఫైనల్.

అందుకే బెరిల్ ఇవాళ పాత ఆటగాడు లెన్ ప్రెస్కాట్‌కు ఒక మాట చెప్పి తీరాలి. ఇవాళ చెప్పలేకపోతే ఇంకెప్పుడూ చెప్పలేదు.

లెన్ ముందు వరసలో కుడివైపు చివరి కుర్చీలో కూర్చున్నాడు. ఒకప్పుడు తలుపంత మనిషి. ఇప్పుడు కోటులో మనిషి సగమే ఉన్నాడు. ఊపిరితిత్తుల జబ్బు. ఆసుపత్రివాళ్లు ఇంట్లోంచి కదలొద్దన్నారు. టాక్సీ పిలిపించుకుని మరీ వచ్చాడు.

"ఏమ్మా బెరిల్, ఆ బల్లని ఇంకా తోమావంటే వెనక గోడ కనబడుతుంది," అన్నాడు.

"నోరు మూసుకుని టీ తాగు. చల్లారితే మళ్లీ పెట్టేది లేదు."

కప్పు అతని చేతుల్లో పెట్టి పక్క కుర్చీలో కూలబడింది. జనం ఇంకా బార్ దగ్గరే ఉన్నారు. బఠాణీల కూర, మాంసం కూరిన రొట్టెల వాసన హాలంతా కమ్ముకుంది.

"లెన్, నీతో ఒక మాట చెప్పాలి. నలభై అయిదేళ్లుగా చెప్పాలనుకుంటున్నా."

"పెళ్లి మాటయితే బాగా ఆలస్యం చేశావు."

"వేళాకోళం ఆపు. డెబ్బై తొమ్మిది ఫైనల్. ఆఖరి ఆట. నీకు నూట ముప్పై ఏడు మిగిలింది. తొంభై ఏడు కొట్టావు. ఎంత మిగలాలి?"

"నలభై."

"నేను యాభై రాశాను."

డార్ట్స్‌లో వంతుకు మూడు బాణాల చొప్పున విసిరి, అయిదువందల ఒకటి నుంచి తగ్గించుకుంటూ సరిగ్గా సున్నాకు రావాలి. నలభై మిగిలితే ఇరవై అంకె చివర దాన్ని రెట్టింపు చేసే సన్నటి గడిలో ఒక్క బాణం గుచ్చితే చాలు. లెన్‌కు అది కళ్లు మూసుకున్నా తప్పేది కాదు. యాభైని ఒక్క బాణంతో ముగించాలంటే మాత్రం గురిబల్ల నట్టనడుమ ఉన్న ఎర్రచుక్కే కొట్టాలి. ఆ చుక్క గోరంత. ఆటగాడు మళ్లీ విసిరేలోపు ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే నల్లబల్ల మీద రాసిందే లెక్క. ఆ రోజు ఎవరూ చెప్పలేదు. లెన్ ఎర్రచుక్కకు గురిపెట్టాడు, బాణం పక్కకు పోయింది, మిగిలిన రెండు బాణాలతోనూ ముగించలేకపోయాడు. ఎదుటివాడు టీపాట్ ఎత్తుకెళ్లాడు. నల్లబల్ల తుడవబోతూ తన తప్పు చూసుకున్న బెరిల్, స్పాంజి చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడిపోయిందో ఆవిడకే తెలియదు.

"రాశావు," అన్నాడు లెన్, టీ ఊదుకుంటూ. "సున్నా కొంచెం వంకర పోయింది కూడా."

"నీకు తెలుసా?"

"తెలియకపోవడానికి నేనేమన్నా దద్దమ్మనా? నలభై మిగలాలనే కదా మూడో బాణం పద్దెనిమిదిలో వేసింది!"

"మరి చెప్పి చావొచ్చు కదా, మొద్దు మనిషీ!"

"కమిటీ ముసలాళ్లు ఇదే వరసలో కూచుని, ఆడది ఎప్పుడు తప్పుచేస్తుందా అని కాచుకునున్నారు. నేను తప్పని చెయ్యెత్తితే సుద్ద లాగేసుకునేవాళ్లు, నీ చేతిలో చీపురు ఒక్కటే మిగిలేది. పైగా మూడు బాణాలున్నాయి, ఆ మాత్రం చుక్క కొట్టలేనా అనుకున్నా. అది నా పొగరు."

"కొట్టలేదుగా."

"కొట్టలేదు." నవ్వబోతే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. బెరిల్ వీపు రాసింది. కళ్లలో నీళ్లు ఆగలేదు, ఆపే ప్రయత్నమూ చెయ్యలేదు. ఇన్నేళ్లు ఈ మనిషికి అన్యాయం చేశానని కుమిలిపోయింది, ఆ మనిషేమో తెలిసే తనను కాచాడు. ఆ క్షణాన లెన్ మీద కోపం, ప్రేమ రెండూ ఒక్కసారే వచ్చాయి.

"నీ టీపాట్ పోయింది కదయ్యా నా మూలంగా."

"ఆ సొట్టదానితో నేనేం చేసుకునేవాణ్ణి? ఒక్క పని చెయ్యి. ఇవాళ ఆట అయ్యాక నా నలభై నాకు రాసి చూపించు. కళ్లారా చూసి ఇంటికెళ్తా."

"నలభై ఏం ఖర్మ, వంద రాస్తా," అంది ముక్కు తుడుచుకుంటూ.

ఫైనల్ మొదలైంది. స్కోరు రాసేవాళ్లు నల్లబల్ల వైపే తిరిగి ఉండాలి, ఆట సాగుతుండగా తల తిప్పకూడదు. బెరిల్‌కు వెనక ఏం జరుగుతోందో చెవులే చెప్పాలి. లెన్ ఎక్కడున్నాడో దగ్గే చెప్పింది. పాత ఆటగాడు కదా, బాణాలు గాల్లో ఉన్నంతసేపు దగ్గు బిగపట్టేవాడు. మూడోది గుచ్చుకోగానే వదిలేవాడు. టక్, టక్, టక్, ఆ వెంటనే దగ్గు. ఆవిడ చెయ్యి ఆ వరసకు అలవాటు పడిపోయింది. ఒక్కో అంకెను రెండుసార్లు మనసులో సరిచూసి రాసింది. చివరి ఆట దాకా ఒక్క తప్పూ లేదు.

చివరి ఆటలో దగ్గు వినబడలేదు.

దగ్గుబిళ్ల చప్పరిస్తున్నాడేమో అనుకుంది. మళ్లీ మూడు బాణాలు. దగ్గు లేదు. మెడ నరాలు లాగేశాయి. తిరిగి చూడాలని ప్రాణం కొట్టుకుంది. తిరిగితే విసిరేవాడి చెయ్యి చెదురుతుంది, ఆట పాడవుతుంది. లెన్ అయితే తిరగనివ్వడు. రాసింది. మళ్లీ రాసింది. సుద్ద వేళ్ల మధ్య విరిగితే చిన్నముక్కతోనే రాసింది.

హాలు దద్దరిల్లింది. ఎవరో గెలిచారు. బెరిల్ తిరిగింది.

లెన్ గడ్డం ఛాతీ మీద ఆనించి కూర్చునున్నాడు. రెండు చేతుల మధ్య కప్పు నిటారుగానే ఉంది, చుక్క కూడా ఒలకలేదు. చుట్టూ జనం లేచి కేకలు పెడుతున్నారు. ఆవిడ పెట్టె దిగి, మోచేతులతో దారి చేసుకుని వెళ్లి, పక్కన కూర్చుని అతని చేతి మీద చెయ్యేసింది. కాసేపటిదాకా ఎవరినీ పిలవలేదు.

సాయంత్రానికి అంబులెన్స్ వెళ్లిపోయింది, జనం వెళ్లిపోయారు, టీపాట్ ఎవరి కారులోనో వెళ్లిపోయింది. బెరిల్ స్పాంజి తడిపి బల్లను నాలుగుసార్లు తుడిచింది. ఎడమ అంచు సరిచూసుకుంది. పెట్టె ఎక్కి, విరిగిన సుద్దముక్కతో నూట ముప్పై ఏడు వేసింది, దాని కింద తొంభై ఏడు, కింద గీత. గీత కింద నలభై. సున్నా ఏ వంకరా లేకుండా వచ్చేదాకా చెయ్యి తీయలేదు.

"చూసుకో," అంది ఖాళీ కుర్చీతో. పనిగౌను విప్పి మేకుకు తగిలించి, దీపాలార్పి తలుపు వేసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు నల్లబల్ల విప్పడానికి వచ్చినవాళ్లకు దాని మీద ఆ లెక్క కనబడింది. కింద గట్టు మీద స్పాంజి ఉంది, అంచులు ఆరిపోయి, నడుమ ఇంకా తడిగా.