పచ్చి పసుపు

“పచ్చివే! నీ రాతి మీద ఉన్నవి పచ్చి రేణువులే. వ్యాసం నీ పేరుతోనే వెళ్తుంది.”

ల్యాబు పెద్ద దేశాయి మేడమ్ పంపిన ఈ మెసేజ్ చదివి నవత పెట్టిన కేకకు, స్నానం చేస్తున్న కమలాకర్ నెత్తిన నురగతోనే ఉరికొచ్చాడు. పొయ్యి మీద టీ పొంగిపోయింది.

“ఏమైంది? బల్లి పడ్డదా?”

“బల్లి కాదు బావా, గెలిచిన!”

పెళ్లయి ఇంకా నెల నిండలేదు. నురగంతా కొత్త చీరకు అంటుకున్నా నవత అతణ్ణి వదల్లేదు.

అదేమీ అల్లాటప్పా గెలుపు కాదు మరి. తాపీ నది ఒడ్డున తవ్వకంలో వేలెడంత రాతి చాకు దొరికింది. వేల ఏళ్ల నాటిది. దాని అంచు పగుళ్లలో ఇరుక్కున్న పిండి రేణువులు ఏ మొక్కవో తేల్చడం నవత పని. రెండేళ్లు తంటాలు పడి, పెళ్లి సెలవు ముగిసిన తొలి రోజే అవి పసుపు దుంపవని గుర్తుపట్టింది. గంతేసేలోపే మేడమ్ చూపు ఆమె మెడలోని పసుపుతాడు మీద పడింది.

“అరే బేటా, అది రాతి పసుపు కాదు, నీ తాడు నుంచి రాలిన పెళ్లి పసుపు!”

ల్యాబంతా ఘొల్లుమంది. వారంలో తేల్చకపోతే ఆ రాయిని పక్కన పెట్టేస్తానంది మేడమ్.

ఆ సాయంత్రం డిండోలి బస్తీలోని ఇంట్లో నవత కంచం ముందు మూతి ముడుచుకుని కూర్చుంటే, అత్త నర్సవ్వ కూపీ లాగింది. మెట్‌పల్లి దిక్కు చేలల్లో ఇరవై ఏళ్లు పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసిన మనిషి ఆమె. అంతా విని బుగ్గలు నొక్కుకుంది.

“గంత సదివిండ్రు, గీ ముచ్చట తెల్వదా? కొమ్ములు ఉడకబెట్టకుండ ఎవలన్న పసుపు పట్టిస్తరా పిల్లా? నీ తాడుకు పూసింది కాగుల ఉడికిన పసుపు. నీ రాయిదేమో ఉడికిందా, పచ్చిదా? జర చూడు!”

నవత చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. ఉడికిన రేణువు ఉబ్బి పగిలిపోతుంది, పచ్చిది చెక్కుచెదరదు. ఈ సంగతి పుస్తకాల్లో ఎన్నిసార్లు చదవలేదు! మర్నాడే తాడు నుంచి రెండు పోగులు లాగి, వాటి పసుపును మైక్రోస్కోపు కింద పెట్టింది. తాడు మీది రేణువులన్నీ ముద్దలు ముద్దలు. రాతివి మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. తనే మరోసారి చూసుకుంటేగానీ నమ్మనంది మేడమ్. చూసుకుంది. ఇవాళ ఒప్పుకుంది.

అలికిడికి నర్సవ్వ వచ్చి గడపలో నిలబడింది.

“అత్తా, నీ మాటే గెలిచింది!”

“గెల్తే గెలిచింది గని, ఆ పొయ్యెవలు తుడుస్తరు?”

“నీ కొడుకు.”

“నేనా!” అన్నాడు కమలాకర్, కంట్లో సబ్బు మండుతుంటే.

“నువ్వే బావా. అత్తా, ఇంకోటి విను. గా మాట చెప్పిన మా అత్తను చూడాలంటున్నది మేడమ్. రేపు పదింటికల్ల ల్యాబుకు పోదాం.”

నర్సవ్వ కొంగు నడుముకు దోపింది.

“పోదాం పా. పొద్దుగాల్నే మార్కెట్ల నాలుగు పచ్చికొమ్ములు కొని, గిన్నె గూడ సంచిల ఏసుకుంట. పసుపెట్ల ఉడకబెడ్తరో మీ మేడంకు నేర్పిచ్చే వస్త.”